బొర్రా కొండల పశువుల్లో ఎండుమేత జీర్ణం: రూమెన్ సూక్ష్మజీవుల పాత్ర

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని బొర్రా గుహల గురించి స్థానికంగా ఒక కథ ప్రచారంలో ఉన్నది. కొండపై మేస్తున్న ఆవు ఒకటి గుహ పైకప్పులోని రంధ్రం గుండా లోపలికి పడిపోయిందని, దానిని వెతుకుతూ దిగిన కాపరికి శివలింగాన్ని పోలిన శిల కనిపించిందని ఆ కథ సారాంశం. గుహల గుండా సాగే నదికి గోస్తని, అనగా ఆవు పొదుగు అని పేరు. బొర్ర అంటే ఒడియా మాటలో రంధ్రమని చెబుతారు. తెలుగులో బొర్ర అంటే పెద్ద పొట్ట. ఈ వ్యాసం రెండవ అర్థానికి సంబంధించినది.

అరకు, అనంతగిరి కొండల్లో చోడి, సామ, వరి కోతలు ముగిసిన తరువాత పశువులను పొలాల్లోకి, కొండవాలుల్లోకి వదులుతారు. డిసెంబరు నాటికి పచ్చిక ముదిరి ఎండుతుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి వరకు పశువుకు దక్కేది ఎండిన కొండగడ్డి, పొలంలో మిగిలిన మోళ్లు, ఇంటివద్ద వామిలోని గడ్డి, చెట్ల ఆకులు. ఏప్రిల్, మే నెలల జల్లులకు అక్కడక్కడ చిగుళ్లు వచ్చినా అవి కడుపు నింపేంత కావు. ఈ కాలంలోనే పశువులు బరువు కోల్పోతాయి, ఎదకు రావటం ఆలస్యమవుతుంది, పాలు దూడకే చాలవు. తొలకరి దుక్కికి ఎద్దులు బలహీనంగా చేరుకుంటాయి. దీనికి కారణంగా మేత కొరత అనే మాటను నివేదికల్లో తరచుగా వాడుతుంటారు. ఆ మాట సగమే సరియైనది. చాలా ఇళ్లలో వామి ఇంకా ఉండగానే పశువు చిక్కిపోతుంది. పొట్ట మాత్రం నిండుగా, కొన్నిసార్లు వేలాడుతూ కనిపిస్తుంది. గడ్డి ఉండీ పశువు ఎందుకు చిక్కుతున్నదో తెలియాలంటే, ఆ గడ్డిని వాస్తవంగా జీర్ణం చేస్తున్నది ఎవరో ముందుగా తెలియాలి.

పీచును విడగొట్టేది పశువు కాదు

మొక్క కణపు గోడలో ప్రధానమైనవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ కూడా పిండి పదార్థం వలె గ్లూకోజ్ అణువుల గొలుసే. అయితే ఆ అణువులను కలిపే బంధం వేరు. ఆవు, గేదె, మేక, గొర్రె, ఇవేవీ ఆ బంధాన్ని తెంచే ఎంజైమును తమ శరీరంలో తయారు చేసుకోలేవు. గడ్డి తిని బతికే జంతువుకు గడ్డిని జీర్ణం చేసుకునే సొంత శక్తి లేదన్నమాట. ఆ పనిని నాలుగు గదుల ఆమాశయంలో మొదటిదైన రూమెన్‌లో నివసించే సూక్ష్మజీవులు చేస్తాయి.

పశువు చేసేది ఆ జీవులకు ఇల్లు కట్టి ఇవ్వటం. రూమెన్‌లోని పదార్థం బరువు పశువు దేహ బరువులో సుమారు పదో వంతు నుంచి ఏడో వంతు వరకు ఉంటుంది. 200 కిలోల కొండ ఆవులో ఇది 20 నుంచి 30 కిలోలు. లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా స్థిరంగా ఉంటుంది. ప్రాణవాయువు దాదాపు ఉండదు. పచ్చిక, ఎండుగడ్డి మేసే పశువులో ఉదజని సూచిక 6 నుంచి 7 మధ్య నిలుస్తుంది. కిణ్వనంలో ఆమ్లాలు నిరంతరం పుడుతున్నా ఈ స్థాయి నిలవటానికి కారణం బైకార్బొనేట్ నిండిన లాలాజలం. పెద్ద పాడి ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం స్రవించగలదు. నెమరు వేయటం వల్ల గడ్డి నలుగుతుందన్నది అందరికీ తెలిసిన విషయం. నెమరుతో పాటు పొట్టలోకి చేరే లాలాజలం కూడా అంతే ముఖ్యమైనది. రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరుకే వెచ్చించే పశువును తీరికగా పడుకున్నదని భావించరాదు.

ఈ ఇంటిలోని జనాభా విస్తారమైనది. ఒక మిల్లీలీటరు రూమెన్ ద్రవంలో 1,000 కోట్ల నుంచి 10,000 కోట్ల వరకు బాక్టీరియా, కొన్ని వేల నుంచి పది లక్షల వరకు ప్రోటోజోవా ఉంటాయి. వీటితో పాటు మీథేన్‌ను ఉత్పత్తి చేసే ఆర్కియా, శిలీంద్రాలు ఉంటాయి. ప్రోటోజోవాను 1843లోనే ఫ్రాన్సులో గ్రూబీ, డెలఫాండ్ వర్ణించారు. బాక్టీరియా అధ్యయనం మాత్రం చాలాకాలం ముందుకు సాగలేదు. గాలి తగిలితే చనిపోయే జీవులను ప్రయోగశాలలో పెంచే పద్ధతి లేకపోవటమే అందుకు కారణం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ ప్రాణవాయువు లేకుండా గాజునాళికల లోపలి గోడపై పెంపక మాధ్యమాన్ని పలుచగా పరచే పద్ధతిని రూపొందించిన తరువాత ఆ తలుపు తెరుచుకున్నది. 1966లో వెలువడిన ఆయన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది.

శిలీంద్రాల కథ మరింత విచిత్రమైనది. రూమెన్ ద్రవంలో తోకలతో ఈదుతూ కనిపించే కొన్ని సూక్ష్మజీవులను దశాబ్దాల పాటు ప్రోటోజోవాగానే లెక్కించారు. ప్రాణవాయువు లేనిచోట బతికే శిలీంద్రాలు ఉండవని అప్పటి శాస్త్రవేత్తల నమ్మకం. అవి నిజానికి శిలీంద్రాల చలన సిద్ధబీజాలని 1975లో కాలిన్ ఆర్పిన్ నిరూపించాడు. ఈ గుర్తింపు పంట శాస్త్రానికి కూడా ముఖ్యమైనదే. బాక్టీరియా గడ్డి ముక్క ఉపరితలానికి, కోసిన అంచులకు అంటుకుని లోపలికి తినుకుంటూ పోతాయి. ఫైబ్రోబాక్టర్ సక్సినోజెనెస్, రూమినోకాకస్ ఆల్బస్, రూమినోకాకస్ ఫ్లావెఫేసియెన్స్ ఈ పనిలో ప్రధానమైనవి. శిలీంద్రాలు వేరువంటి తంతువులను గట్టిపడిన కణజాలంలోకి చొప్పించి దానిని లోపలి నుంచి పగులగొడతాయి. ముదిరిన కొండగడ్డి, మోటు కాడలు వంటి మేతలో ఈ పగుళ్లు లేకపోతే బాక్టీరియాకు దారి దొరకదు. లిగ్నిన్‌ను మాత్రం ప్రాణవాయువు లేనిచోట ఏ జీవీ చెప్పుకోదగినంతగా విడగొట్టలేదు. కాబట్టి గడ్డి ఎంత ముదిరితే, లిగ్నిన్ ఎంతగా హెమిసెల్యులోజ్‌ను పెనవేసుకుంటే, సూక్ష్మజీవులకు అందే భాగం అంత తగ్గుతుంది.

కిణ్వనంలో సూక్ష్మజీవులు పీచును తమ శక్తికోసమే విడగొడతాయి. వాటికి వ్యర్థంగా మిగిలిన ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు రూమెన్ గోడ గుండా రక్తంలోకి చేరతాయి. పశువుకు అందే శక్తిలో సుమారు 70 శాతం ఈ ఆమ్లాలదే. ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు ముడిసరుకు. ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి కాలేయం గ్లూకోజ్‌ను తయారు చేస్తుంది. ఇక సూక్ష్మజీవుల దేహాలు మేతతో కలిసి నాలుగవ ఆమాశయానికి, చిన్న ప్రేగులకు కొట్టుకుపోయి అక్కడ జీర్ణమవుతాయి. వాటి పొడి పదార్థంలో దాదాపు సగం, కొన్నింటిలో అంతకు మించి మాంసకృత్తులే. గడ్డితో బతికే పశువు తన మాంసకృత్తుల అవసరంలో అధిక భాగాన్ని ఈ విధంగానే తీర్చుకుంటుంది. ఆవు శాకాహారి అనే మాట నోటివరకే వర్తిస్తుందని చెప్పవచ్చు.

నిండిన పొట్టలో ఆకలి

పై వివరణ నుంచి ఒక ఫలితం తేలుతున్నది. పశువును మేపటమంటే ముందుగా దాని సూక్ష్మజీవులను మేపటం. సూక్ష్మజీవులకు కావలసినవి రెండు: శక్తి, నత్రజని. ఎండుగడ్డిలో శక్తి ఉన్నది, పీచు రూపంలో బందీగా. నత్రజని మాత్రం లేదు. వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం. ముదిరి ఎండిన కొండగడ్డి పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. మేత పొడి పదార్థంలో ముడి మాంసకృత్తులు సుమారు 7 శాతానికి తగ్గితే రూమెన్‌లో అమ్మోనియా చాలక సూక్ష్మజీవుల పెరుగుదల మందగిస్తుందని పశుపోషణ శాస్త్రం చెబుతున్నది.

అప్పుడు జరిగేది ఇది. సూక్ష్మజీవుల సంఖ్య తగ్గటంతో గడ్డి నెమ్మదిగా జీర్ణమవుతుంది. జీర్ణం కాని గడ్డి రూమెన్ నుంచి బయటకు కదలదు. చోటు ఖాళీ కానందున పశువు కొత్తగా మేయలేదు. పొట్ట నిండే ఉంటుంది, శరీరం చిక్కుతుంది. కొండ గ్రామాల్లో వేసవిలో కనిపించే బొర్ర పొట్ట దూడల్లో కడుపు పురుగులతో పాటు ఇదికూడా ఒక కారణం. ఈ స్థితిలో ఉన్న పశువు ముందు మరొక మోపు ఎండుగడ్డి వేయటం వల్ల ప్రయోజనం స్వల్పం. కొద్దిపాటి నత్రజని అందితే అదే పశువు అదే గడ్డిని మునుపటికంటే ఎక్కువగా తింటుంది. తిన్న దానిలో ఎక్కువ భాగాన్ని జీర్ణం చేసుకుంటుంది కూడా. అదనంగా పెట్టిన మేత పాత మేత అవసరాన్ని తగ్గించాలి గదా అన్న సాధారణ అంచనాకు ఇది విరుద్ధం. విస్తరణ కార్యకర్త రైతుకు ఈ సంగతి ముందుగానే చెప్పకపోతే, చెక్క పెట్టినా ఆవు గడ్డి ఎక్కువ తింటున్నదని ఫిర్యాదు రావటం ఖాయం.

సూక్ష్మజీవులకు ఆ నత్రజని మాంసకృత్తుల రూపంలోనే అందాలన్న నియమం లేదు. ఈ విషయాన్ని రుజువు చేసిన ప్రసిద్ధ ప్రయోగం ఫిన్లాండ్‌లో జరిగింది. 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఏ.ఐ. విర్టానెన్ పాడి ఆవులకు మాంసకృత్తులు లేని శుద్ధి చేసిన మేతను, నత్రజని కోసం యూరియాను, అమ్మోనియం లవణాలను మాత్రమే ఇచ్చాడు. 1966లో ప్రకటించిన ఫలితాల్లో మెరుగైన ఆవు ఏడాదికి 4,000 కిలోలకు పైగా పాలు ఇచ్చింది. ఆ పాలలోని మాంసకృత్తులన్నీ మూలంలో సూక్ష్మజీవులు అమ్మోనియా నుంచి నిర్మించినవే. పశువు తానుకూడా ఈ పొదుపు పాటిస్తుంది. కాలేయంలో తయారై మూత్రంలో పోవలసిన యూరియాలో కొంత భాగాన్ని లాలాజలం ద్వారా, రూమెన్ గోడ ద్వారా తిరిగి సూక్ష్మజీవులకే పంపుతుంది. అయితే ఎండుకాలంలో ఆ పొదుపు ఒక్కటే చాలదు.

కొండమీదే ఉన్న నత్రజని

లోటు ఎంతో ఒక ఉజ్జాయింపు లెక్కతో చూడవచ్చు. 200 కిలోల ఆవు రోజుకు 4 కిలోల పొడి పదార్థం వరిగడ్డి రూపంలో తింటున్నదని, ఆ గడ్డిలో మాంసకృత్తులు 4 శాతమని అనుకుంటే, దానికి అందేది 160 గ్రాములు. 7 శాతం స్థాయికి కావలసినది 280 గ్రాములు. లోటు 120 గ్రాములు. ఈ లోటును 30 శాతం మాంసకృత్తులున్న నూనెచెక్కతో పూడ్చదలిస్తే, చెక్క కూడా మేతలో భాగమే కాబట్టి దాని వాటాను కలుపుకుని సుమారు అర కిలో సరిపోతుంది. అర కిలో చెక్క అనేది కొండ ఇంటికి ఊహకందని పరిమాణం కాదు.

ఇక్కడే వలిసె పంట ప్రసక్తి వస్తుంది. శీతకాలం ఆరంభంలో అరకు లోయను పసుపుపచ్చగా మార్చే ఈ పంటను పర్యాటకులు ఛాయాచిత్రాల కోసం, రైతులు నూనెగింజల కోసం చూస్తారు. పశుపోషణ దృష్టితో చూస్తే దాని విలువ నూనె తీసిన తరువాత మిగిలే చెక్కలో ఉన్నది. వలిసె చెక్కలో ముడి మాంసకృత్తులు సాధారణంగా 30 శాతానికి పైబడి ఉంటాయి. చోడి, సామ, వరి గడ్డిలో లేనిది సరిగ్గా ఇదే. అదే నేలలో, అదే రుతువులో పండే పంట లోటును పూడ్చగలదు. కాని గింజ గింజగానే సంతలో అమ్ముడుపోయినప్పుడు దానితో పాటు నత్రజని కూడా కొండ దిగి వెళ్తుంది. గానుగ మైదానంలో ఉంటే చెక్క మైదానపు గేదెలకే దక్కుతుంది. గ్రామ స్థాయిలో గానుగ పెట్టే ప్రతిపాదనల్లో నూనె లాభాన్ని లెక్కించినంత శ్రద్ధగా చెక్క విలువను లెక్కించవలసి ఉన్నది. ఎండుకాలపు నాలుగు నెలలు, అంటే 120 రోజులు, రోజుకు అర కిలో చొప్పున ఒక ఆవుకు 60 కిలోల చెక్క చాలు. కుటుంబానికి రెండు ఆవులు, ఒక జత ఎద్దులు ఉంటే అవసరం దీనికి నాలుగు రెట్లు. అన్నింటికీ సరిపోనప్పుడు చూలు ఆవుకు, పాలిచ్చే ఆవుకు, దుక్కికి ముందు నెలరోజులు ఎద్దులకు ప్రాధాన్యం ఇవ్వటం వివేకం.

చెక్క లేనిచోట ఆకు ఉన్నది. గట్లపై గ్లైరిసిడియా పెంచినచోట దాని ఆకులో పొడి పదార్థం లెక్కన 20 శాతానికి పైగా మాంసకృత్తులు లభిస్తాయి. పై లోటుకు సుమారు మూడు కిలోల పచ్చి ఆకు సరిపోతుంది. దీని వాసన కొత్తలో పశువులకు గిట్టదు. కోసి కొన్ని గంటలు వడలనిచ్చి, కొద్దిగా ఉప్పు చల్లి గడ్డితో కలిపితే క్రమంగా అలవాటు పడతాయి. కంది ఆకు, రాజ్మా, ఉలవ నూర్చిన తరువాత మిగిలే పొట్టు కూడా గడ్డికంటే మేలైనవి. కళ్లంలోనే వదిలేసే రాజ్మా పొట్టును వానకు తడవకుండా దాచుకోవటం ఖర్చులేని పని. పనస ఆకు మేకలకు ప్రీతిపాత్రం. అడవి ఆకుల్లో మద్ది, కరక వంటి జాతుల్లో టానిన్లు ఎక్కువ. టానిన్లు మేతలోని మాంసకృత్తులతో బంధం ఏర్పరచి వాటిని సూక్ష్మజీవులకు అందనివ్వవు. కొద్ది మోతాదులో ఇది మేలే చేస్తుంది. రూమెన్‌లో తప్పించుకున్న మాంసకృత్తులు చిన్న ప్రేగుల్లో నేరుగా జీర్ణమవుతాయి. మోతాదు మించితే నత్రజని లోటు మరింత పెరుగుతుంది. మేకలు ఆవులకంటే టానిన్లను బాగా తట్టుకుంటాయి. కాపరులు ఏ చెట్టు ఆకును ఏ పశువుకు కొట్టి వేస్తారో నమోదు చేసే విద్యార్థికి ఇందులో పరిశోధనాంశాలు చాలా దొరుకుతాయి.

యూరియా: ఎక్కడ, ఎంతవరకు

పై లెక్కలోని 120 గ్రాముల మాంసకృత్తులకు సమానమైన నత్రజని సుమారు 40 గ్రాముల యూరియాలో ఉన్నది. అందువల్లనే యూరియా పశుపోషణలో ఆకర్షణీయమైన పదార్థం. 1980లలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆర్.ఏ. లెంగ్ వంటివారి సహకారంతో యూరియా–మొలాసిస్ ఇటుకలను ప్రచారంలోకి తెచ్చింది. పశువు ఇటుకను నాకుతూ కొద్దికొద్దిగా యూరియాను తీసుకుంటుంది. మొలాసిస్ సూక్ష్మజీవులకు తక్షణ శక్తినిస్తుంది. ఆ కొద్దికొద్దిగా అన్నదే ఇక్కడ ప్రాణం. రూమెన్‌లో యూరియా అమ్మోనియాగా మారటానికి నిమిషాలు చాలు. సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను వాడుకోవటానికి మాత్రం శక్తి, సమయం కావాలి. ఒక్కసారిగా ఎక్కువ యూరియా లోపలికి పోతే మిగిలిన అమ్మోనియా రక్తంలోకి చేరి వణుకు, నురగ, ఉబ్బరం, కొద్ది గంటల్లో మరణం సంభవిస్తాయి. యూరియాను తాగే నీటిలో ఎన్నడూ కలపరాదు. నెమరు పూర్తిగా ప్రారంభం కాని దూడలకు అసలు ఇవ్వరాదు. ఆకలితో ఉన్న పశువుకు మొదటి మేతగా ఇవ్వటం కూడా ప్రమాదకరమే.

గడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి ఇంతకంటే సురక్షితం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 40 నుంచి 65 లీటర్ల నీటిలో కరిగించి పొరపొరగా చల్లి, గాలి చొరకుండా కప్పి సుమారు మూడు వారాలు ఉంచాలి. విడుదలైన అమ్మోనియా లిగ్నిన్‌కు, హెమిసెల్యులోజ్‌కు మధ్యనున్న బంధాలను సడలిస్తుంది. నత్రజని కూడా చేరుతుంది. తెరిచిన గడ్డిని కాసేపు ఆరనిచ్చి ఘాటు తగ్గిన తరువాత వేయాలి. శాస్త్రీయంగా ఈ పద్ధతిపై వంక పెట్టటానికి ఏమీ లేదు. నాలుగు దశాబ్దాల శిక్షణల తరువాత కూడా అది రైతు ఇంట నిలదొక్కుకోకపోవటానికి కారణాలు వేరు. కొండ గ్రామంలో వేసవిలో 50 లీటర్ల నీరంటే ఊటనుంచి ఇంటికి మహిళలు పలుమార్లు నడవవలసిన దూరం. పైగా సేంద్రియ ధ్రువీకరణ పొందిన కాఫీ తోటలున్న ఇంటిలో యూరియా బస్తా ఉండటమే చిక్కు. మైదానపు వరిసాగు గ్రామాలకు తగిన ఈ పద్ధతిని యథాతథంగా కొండకు మోసుకురావటం కంటే చెక్కనూ ఆకునూ ముందు నిలపటమే సమంజసం. పేడలోని సూక్ష్మజీవుల గురించి, జీవామృతం గురించి విస్తృతంగా శిక్షణ ఇస్తున్న కార్యక్రమాల్లో ఆ పేడ పుట్టే పొట్టలోని సూక్ష్మజీవుల గురించి ఒక్క గంట కేటాయించినా మేలే.

పనసపండు రుతువు

నత్రజని లోటుకు పూర్తిగా భిన్నమైన ప్రమాదం వేసవి చివర పనసపండ్ల కాలంలో ఎదురవుతుంది. నెలల తరబడి ఎండుగడ్డితో బతికిన పశువు చెట్టుకింద రాలి పగిలిన పనసపండ్లను ఒక్కసారిగా కడుపునిండా తింటుంది. పీచును నెమ్మదిగా విడగొట్టటానికి అలవాటుపడిన సూక్ష్మజీవుల సమాజంలోకి అంత చక్కెర ఒక్కసారే వచ్చిపడితే, చక్కెరను వేగంగా వాడుకునే స్ట్రెప్టోకాకస్ బోవిస్ వంటి బాక్టీరియా గంటల్లో విజృంభిస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. ఉదజని సూచిక 5.5 కంటే దిగువకు పడిపోతుంది. పీచును జీర్ణం చేసే బాక్టీరియా, ప్రోటోజోవా నశిస్తాయి. పశువు మేత మాని, నెమరు నిలిచి, పళ్లు కొరుకుతూ, పుల్లని వాసనగల పలుచని విరేచనాలతో కూలబడుతుంది. పండుగలు, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం, గంజి, నానిన ధాన్యం ఎక్కువగా తిన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పర్యాటకుల తాకిడి ఉన్నచోట్ల పారవేసే భోజన పదార్థాలతో ఈ ప్రమాదానికి ప్లాస్టిక్ సంచులు తోడవుతాయి. రూమెన్‌లోని ఏ జీవీ ప్లాస్టిక్‌ను కదిలించలేదు.

తినే సోడా ఆమ్లాన్ని కొంత తటస్థపరుస్తుంది గాని మోతాదును పశువైద్యుడే నిర్ణయించాలి. తీవ్ర స్థితిలో నీరు కోల్పోయిన శరీరానికి సెలైన్ అవసరమవుతుంది. కోలుకున్న తరువాత కూడా పశువు కొన్నాళ్లు గడ్డిని జీర్ణం చేసుకోలేదు. గడ్డిని జీర్ణం చేసే సమాజమే పోయింది గనుక. అప్పుడు ఆరోగ్యవంతమైన పశువు రూమెన్ ద్రవాన్ని వడగట్టి, చల్లారకముందే, గొట్టం ద్వారా తాపటం పశువైద్యంలో అంగీకృతమైన చికిత్స. నివారణ మాత్రం అతి సులభం: రాలిన పండ్లను ఏరి, కొద్ది మోతాదులో, గడ్డి తిన్న తరువాతే పెట్టటం. ఏ కొత్త మేతనైనా వారం, పది రోజుల్లో క్రమంగా పెంచాలన్న నియమానికి ఆధారం కూడా ఇదే. మారవలసింది పశువు రుచి కాదు, దాని లోపలి జనాభా.

సంక్రమించే జీర్ణశక్తి

దూడ పుట్టినప్పుడు దాని రూమెన్ చిన్నది, పనిచేయనిది. తాగిన పాలు రూమెన్‌ను తాకకుండా నేరుగా నాలుగవ ఆమాశయానికి చేరతాయి. తల్లి నాకటం, పొదుగు, తోటి పశువుల లాలాజలం, మేత, నేల ద్వారా సూక్ష్మజీవులు మొదటి రోజులనుంచే ప్రవేశిస్తాయి. ప్రోటోజోవా అయితే పెద్ద పశువుల సాన్నిహిత్యం లేకుండా దూడకు దాదాపుగా చేరవు. రెండు మూడు వారాల వయసునుంచి లేత పచ్చిక, ఆకు అందుబాటులో ఉంచితే కిణ్వన ఆమ్లాల ప్రభావంతో రూమెన్ గోడ ఎదుగుతుంది. దూడను తల్లితో, మందతో కలిపి ఉంచే కొండ పద్ధతి ఈ విషయంలో అనుకూలమైనదే.

ఒక పశువుకు లేని జీర్ణశక్తిని మరొక పశువు నుంచి తెచ్చి ఇవ్వవచ్చని చూపిన ఉదాహరణ సుబాబుల్. ఈ ఆకులో మాంసకృత్తులు అధికం. దానితో పాటు మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉన్నది. రూమెన్‌లో మైమోసిన్ నుంచి ఏర్పడే మరొక పదార్థం థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులు జబ్బుపడుతుండగా హవాయి దీవుల్లోని మేకలు అదే ఆకు తిని క్షేమంగా ఉండటాన్ని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించాడు. తేడా పశువులో కాక సూక్ష్మజీవుల్లో ఉండాలని ఊహించాడు. 1980ల ఆరంభంలో హవాయి మేక రూమెన్ నుంచి తెచ్చిన సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువుల్లో ప్రవేశపెట్టగా అవికూడా ఆ విషాన్ని తట్టుకోగలిగాయి. ఆ బాక్టీరియాకు 1992లో జోన్స్ పేరుతోనే సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. మందలో కొన్నింటికి ఇస్తే చాలు, కలిసి మేయటం ద్వారా మిగిలినవాటికి చేరింది. మన దగ్గర సుబాబుల్‌ను మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా, అలవాటు చేస్తూ పెట్టాలన్న సిఫారసునే పాటించటం క్షేమం.

మీథేన్ విషయం క్లుప్తంగా. కిణ్వనంలో పుట్టే హైడ్రోజన్‌ను ఆర్కియా మీథేన్‌గా మార్చగా పశువు దానిని త్రేన్పుల ద్వారా వదులుతుంది. ఆ హైడ్రోజన్ తొలగకపోతే కిణ్వనమే మందగిస్తుంది. అందువల్ల మీథేన్‌ను పూర్తిగా అనవసరమైనదిగా చూడలేము. అయినా మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు ఈ దారిన పోతున్నది. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లు గల మొక్కల ఆధారంగా రూపొందించిన హరిత ధార అనే మేత పదార్థం మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ప్రకటించింది. కొండ పశువు విషయంలో ఇంతకంటే ముందు చేయవలసిన పని, నాలుగేళ్లకు ఈనే ఆవు మూడేళ్లకే ఈనేటట్లు చూడటం. ఎదగకుండా నిలబడిన పశువు మేసిన ప్రతిరోజూ మీథేన్ వస్తూనే ఉంటుంది.

పంట శాస్త్రవేత్త చూడవలసిన గడ్డి

చోడి రకాల పరీక్షల్లో గింజ దిగుబడి, కాలపరిమితి, అగ్గితెగులు తట్టుకునే శక్తి నమోదవుతాయి. గడ్డి దిగుబడికి ఒక గడి ఉంటుంది. గడ్డి నాణ్యతకు గడి ఉండదు. విజయనగరం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన శ్రీచైతన్య, భారతి, వేగావతి, గోస్తని వంటి రకాలను గిరిజన రైతుకు సూచించేటప్పుడు, వాటి గడ్డి రూమెన్‌లో 48 గంటల్లో ఎంత జీర్ణమవుతుందో చెప్పగలిగితే ఆ సిఫారసుకు బలం చేకూరుతుంది. నైలాన్ సంచిలో తూకం వేసిన గడ్డిని ఉంచి, శస్త్రచికిత్సతో రూమెన్‌కు ద్వారం అమర్చిన పశువులో నిర్ణీత గంటలు ఉంచి మిగిలినదానిని తూచే పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉన్నది. రూమెన్ ద్రవంతో సిరంజిలో గడ్డిని పులియబెట్టి వెలువడిన వాయువును కొలిచే పద్ధతి ఇంకా చౌక. పశువైద్య కళాశాలతో కలిసి ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండు సీజన్లలో చేయగలిగిన పని ఇది.

వరి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇతర ధాన్యపు పంటల్లో ఆకు కాడకంటే బాగా జీర్ణమవుతుంది. వరిలో సిలికా వల్ల ఆకుకంటే కాడే మెరుగు. కాబట్టి ఆకు శాతం ఎక్కువున్న గడ్డి మేలైనదన్న కొలతను చోడినుంచి వరికి అన్వయించరాదు. నమూనాలను కోత రోజున ఒకసారి తీసి ఆపివేయటం కూడా సరికాదు. అక్టోబరు, నవంబరు తుపాను వానలకు కళ్లంలో తడిసిన గడ్డిలో సూక్ష్మజీవులకు తేలికగా అందే కరిగే పదార్థాలు కొట్టుకుపోతాయి, బూజు చేరుతుంది. పశువు మార్చిలో తినేది ఆ గడ్డినే. అందువల్ల మంచెపై దాచిన వామినుంచి, నేలపై వేసిన వామినుంచి మార్చి నెలలో రెండవ విడత నమూనాలు తీయాలి.